భూకంపం తరువాత సూదీదారం: కచ్ చరిత్ర నుంచి ఒక వైద్యుడు నేర్చుకున్న పాఠం



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేను హౌస్ సర్జన్‌ను. సహాయ శిబిరానికి పంపిన వైద్యబృందంలో అందరికంటె చిన్నవాణ్ణి. గాయాలకు కట్లు కట్టాము, కలరా రాకుండా సూదిమందులు వేశాము, తాగునీటిలో క్లోరిన్ కలిపించాము. నాలుగైదు రోజులు గడిచేసరికి మా పని కొంత తగ్గింది. అప్పుడు గాని బడి వరండాలో గోడకు జేరగిలబడి కూర్చున్న స్త్రీలు నా కంటబడలేదు. వారి ఒంటిపై పెద్ద గాయాలు లేవు. నిద్ర లేదు, మాట లేదు, చేతులు మాత్రం ఒడిలో పడివున్నాయి. మేము వరుసగా నిద్రమాత్రలు పంచుకుంటూ పోయాము. అందులో ఒక పెద్దావిడ మాత్రను నా చేతిలోనే తిరిగి పెట్టి, "ఈ బిళ్ళలు నాకొద్దు బాబూ, ఏదైనా పని చెప్పు నాయనా. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఊరుకోటం లేదు" అన్నది. "ఇప్పుడు పనేమిటమ్మా, విశ్రాంతి తీసుకోండి" అని చెప్పి నేను ముందుకు సాగిపోయాను.

ఆ సమాధానం తప్పని నాకు తెలియడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. తెలియజెప్పినది ఏ వైద్య గ్రంథమూ కాదు, గుజరాత్‌లోని కచ్ జిల్లా స్త్రీల చరిత్ర. ఆ చరిత్రను ఈనాటి వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

కరువులకూ కంపాలకూ అలవాటుపడిన నేల

కచ్ మన దేశపు పడమటి అంచున ఉన్న ఎడారి సీమ. ఉత్తరాన ఉప్పు పేరుకున్న రణ్, దక్షిణాన సముద్రం, నడుమ ముళ్లపొదలూ గడ్డిమైదానాలూ. వాన వచ్చే ఏడు కంటె రాని ఏళ్లే ఎక్కువ. భూకంపాలూ ఆ నేలకు కొత్త కాదు. 1819 జూన్ 16న వచ్చిన భూకంపానికి రణ్‌లో నేల పైకి ఉబికి మైళ్ల పొడవున గట్టు కట్టింది. దానిని నేటికీ 'అల్లాబండ్' అంటారు. 1956 జులై 21న అంజార్ పట్టణంలో వచ్చిన భూకంపం వంద మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇటువంటి నేలపై పశువులను మేపుకుని బతికే రబారీలు, సేద్యం చేసే ఆహీరులు, బన్నీ గడ్డిమైదానంలోని జత్‌లు, ముత్వాలు, తోలుపని, నేతపని చేసే మేఘ్వాళ్లు, సోఢా రాజపుత్రులు తరతరాలుగా నివసిస్తున్నారు. వీరిలో ప్రతి సముదాయానికీ తనదైన కుట్టుపని ఉన్నది. మన లంబాడీ స్త్రీల అద్దాల పని చూసినవారికి రబారీల పని వెంటనే దగ్గరగా తోస్తుంది. అద్దాలను గొలుసుకుట్టుతో చుట్టి బిగించడం వారి ప్రత్యేకత. 'సూఫ్' అనే కుట్టు ఇంకా విచిత్రమైనది. గుడ్డపై ముందుగా ఏ గీతా గీయరు. పడుగు పేకల పోగులను లెక్కపెట్టుకుంటూ, బట్టను తిరగవేసి వెనుక వైపు నుంచి కుడతారు. ముందు వైపు త్రికోణాలు వాటంతటవే పేర్చినట్లు వస్తాయి. నమూనా అంతా కుట్టే మనిషి మనసులోనే ఉంటుంది. ఖర్జూర పండు ఆకారం పేరుతో 'ఖారెక్', దట్టంగా నిండిన కుట్టుతో 'పాకో', ఇలా ఎన్నో రకాలున్నాయి.

ఈ పని అమ్మకానికి పుట్టినది కాదు. ఆడపిల్ల తన పెళ్లికి తీసుకుపోవలసిన రవికలు, పావడాలు, దుప్పట్లు, తోరణాలు తల్లి పక్కన కూర్చుని తానే కుట్టుకునేది. ఒక స్త్రీ ధరించిన బట్టను చూసి ఆమె ఏ సముదాయానికి చెందినదో, పెళ్లయినదో కాలేదో చెప్పగలిగేవారు. వారి పాలిట అది ఊరూ పేరూ తెలిపే చీటీ వంటిది.

1969: గంజికేంద్రం వద్ద ఒక ప్రశ్న

కుట్టుపని ఆపద్ధర్మంగా మారిన కథ 2001 భూకంపంతో మొదలుకాలేదు. 1960 దశకం చివర కచ్‌లో వరుసగా కరువులు పడ్డాయి. 1969లో రామకృష్ణ మిషన్ వారి కరువు సహాయంలో పాలుపంచుకోవడానికి ముంబయి నుంచి చందాబెన్ ష్రాఫ్ అనే మహిళ ధనేటి గ్రామానికి వచ్చారు. ఉచిత భోజనం సిద్ధంగా ఉన్నా, ఆకలితో ఉన్న గ్రామస్థులు చేయి చాచడానికి ఇష్టపడకపోవడం ఆమె గమనించారు. తమకు పని కావాలన్నారు. ఆ స్త్రీల ఒంటిమీది బట్టల కుట్టుపని చూసిన ఆమె, చీరలు తెచ్చి ఇచ్చి వాటిపై కుట్టించారు. ముంబయిలో పెట్టిన ప్రదర్శనలో అవి అమ్ముడుపోయాయి. ఆ ప్రయత్నమే 'శ్రుజన్' అనే సంస్థగా పెరిగింది. ఆ కృషికి 2006లో చందాబెన్‌కు రోలెక్స్ పురస్కారం లభించింది. 2016లో ఆమె కన్నుమూశారు.

1971 యుద్ధం తరువాత సరిహద్దుకు ఆవల ఉన్న థార్‌పార్కర్ ప్రాంతం నుంచి సోఢా, మేఘ్వాళ్ కుటుంబాలు కచ్‌కు తరలివచ్చాయి. సూఫ్ కుట్టు ఈ సీమలో ఇంతగా కనిపించడానికి వారే కారకులు. భుజ్‌కు ఉత్తరాన ఉన్న సుమ్‌రాసర్ గ్రామంలో ఈ స్త్రీలతో కలిసి 1993లో జూడీ ఫ్రేటర్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ప్రకాశ్ భానానీ 'కళారక్ష' అనే సంస్థను స్థాపించారు. ఎల భట్ 1972లో అహ్మదాబాద్‌లో ప్రారంభించిన 'సేవా' సంఘం కూడా, పొరుగునున్న బనాస్‌కాంఠా జిల్లాలోని కరువు గ్రామాల స్త్రీలను కుట్టుపని ఆధారంగా సంఘటితం చేసింది.

ఈ వెనుకటి చరిత్రను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. భూకంపం వచ్చిన మరునాడు ఎవరో బయటివారు వచ్చి సూదీదారం చేతికిచ్చి నేర్పలేదు. నైపుణ్యం ముందే ఉన్నది, సంఘం ముందే ఉన్నది, అమ్మకపు దారి ముందే ఏర్పడింది. ఆపద వచ్చినప్పుడు ఆసరాగా నిలిచినవి ఈ మూడే.

2001 జనవరి 26

ఆ ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భచావ్ సమీపంలో భూమి కంపించింది. తీవ్రత 7.7. భచావ్, అంజార్, రాపర్, భుజ్ పట్టణాలు, చుట్టుపట్ల వందలాది గ్రామాలు నేలమట్టమయ్యాయి. మరణించినవారు ప్రభుత్వ లెక్కల ప్రకారం 13,805 మంది. దాదాపు 20,000 వరకు ఉంటారని ఇతర అంచనాలు. గాయపడినవారు లక్షన్నరకు పైమాటే. గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న అంజార్ బడిపిల్లలపై ఇరుకు వీధిలోని ఇళ్లు కూలాయి. ఇంటిపనిలో ఉన్న స్త్రీలు గోడల కింద చిక్కుకున్నారు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడినవారు ఎందరో.

భుజ్‌లోని ప్రభుత్వాసుపత్రి భవనం కూడా కూలిపోయింది. వైద్యులు ఆరుబయట, గుడారాలలో శస్త్రచికిత్సలు చేశారు. దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి వైద్యబృందాలు వచ్చాయి. ఎముకలు అతికాయి, పుళ్లు మానాయి. కొన్ని వారాలకు ఆ బృందాలు తిరిగి వెళ్లిపోయాయి. దివిసీమలో మేము చేసినట్లే.

తిండిపొట్లాల తరువాత

ఆపద తరువాతి మొదటి రోజులు ఒక విధంగా తేలికగా గడుస్తాయి. వెతకడం, పూడ్చిపెట్టడం, కాల్చడం, నీళ్ల కోసం నిలబడడం వంటి పనులు మనిషిని ఆలోచించనివ్వవు. అసలు భారం ఆ తరువాత మొదలవుతుంది. గుడారంలో పొయ్యి లేదు, పశువు లేదు, ఊడ్చడానికి వాకిలి లేదు. పురుషులకు శిథిలాలు తొలగించే పని, ఇటుకలు మోసే పని దొరికింది. స్త్రీలకు, అందులోనూ వృద్ధులకు, గాయపడినవారికి, సాయం కోసం ఎదురుచూడడం తప్ప మరొకటి మిగలలేదు.

సేవా సంఘం కార్యకర్తలు గ్రామాలకు వెళ్లినప్పుడు స్త్రీలు ముందుగా అడిగినవాటిలో పని ఒకటి. సంఘం కుట్టుపనికి కావలసిన గుడ్డ, దారం, సూదులతో సంచులు కట్టి పంచింది. తిండిగింజలతో పాటు కుట్టుసంచీ కూడా సహాయ సామగ్రిలో చేరింది. కుట్టి తెచ్చిన ముక్కకు కూలి చేతికందేది.

ఆ సమయానికి కుట్టుపనే ఎందుకు తగినది? దానికి కప్పు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, పెట్టుబడి అక్కరలేదు. చెట్టుకింద కూర్చుని చేయవచ్చు. కాలు విరిగిన మనిషి మంచంలో ఉండి చేయవచ్చు. పసిపిల్లను ఒడిలో పెట్టుకుని ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ చేయవచ్చు. మళ్లీ భూమి కదిలితే చేతిలోనిది పట్టుకుని బయటికి పరుగెత్తవచ్చు. ఆ తరువాత నెలల తరబడి ప్రకంపనలు వస్తూనే ఉన్నాయన్న సంగతి తెలిసినవారికి ఈ చివరి మాట హాస్యంగా తోచదు.

అంతకు మించిన సంగతి ఒకటున్నది. సహాయ శిబిరంలో మనిషి రోజంతా పుచ్చుకునే స్థితిలోనే ఉంటుంది. తిండి ఒకరిస్తారు, బట్ట ఒకరిస్తారు, ఎక్కడ పడుకోవాలో మరొకరు చెబుతారు. సూది చేతబట్టిన క్షణాన మాత్రం ఆమె నేర్పరి. పోగులు లెక్కపెట్టడం ఎదుటి అధికారికి రాదు, ఆమెకు వచ్చును. ధనేటిలో 1969లో ఉచిత భోజనానికి చేయి చాచనివారి మనసు కూడా ఇదే కదా!

గుడ్డపై చెప్పుకున్న కథ

కళారక్షలోని స్త్రీలు మరొక అడుగు వేశారు. గుడ్డముక్కలను కత్తిరించి, పేర్చి, మరొక గుడ్డపై అతికి కుట్టే పని వారిలో ఉన్నది. మన బొంతలకు అది దూరపు బంధువు. సాధారణంగా పూలూ, పక్షులూ, నెమళ్లూ కుట్టే ఆ చేతులు తాము పడిన అనుభవాలను కుట్టడం మొదలుపెట్టాయి. సరిహద్దు దాటి వచ్చిన ప్రయాణం, గాలిపటాలు ఎగరేసిన పండుగ, భూకంపం, అన్నీ గుడ్డపైకి ఎక్కాయి. వీటి ఆధారంగా నీనా సబ్నానీ 2009లో 'టాంకో బోలే ఛే' అనే యానిమేషన్ లఘుచిత్రం తీశారు. ఆ పేరుకు 'కుట్టు మాట్లాడుతున్నది' అని అర్థం. అందులో ఆ స్త్రీల గొంతులు వినిపిస్తాయి, వారు కుట్టిన బొమ్మలే కదులుతాయి.

వైద్యునిగా నన్ను ఆలోచింపజేసినది ఈ ఘట్టమే. దారుణమైన అనుభవాన్ని వెంటనే మాటల్లో చెప్పమని బాధితులను బలవంతపెట్టడం ఒకప్పుడు మంచి చికిత్స అనుకునేవారు. ఆపద జరిగిన కొద్ది రోజులకే అందరినీ కూర్చోబెట్టి, జరిగినదంతా చెప్పించే పద్ధతి కొన్ని దేశాల్లో బాగా వ్యాపించింది. దాని వల్ల మేలు లేదనీ, కొందరికి కీడు కూడా కలుగవచ్చుననీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. గుడ్డపై కథ చెప్పుకోవడం ఇందుకు భిన్నమైనది. ఏది చెప్పాలో, ఏది దాచాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో కుట్టే మనిషి ఇష్టం. కూలిన ఇంటిని కుట్టాలంటే ముందు దానికి రంగు ఎంచుకోవాలి, కొలత చూసుకోవాలి, అంచు మడవాలి. భయం చేతికి అందేంత చిన్నదవుతుంది. పక్కన మరొకామె తన ఇంటిని తాను కుడుతూ ఉంటుంది. మాట అవసరమైతే వస్తుంది, లేకుంటే లేదు.

నీరు మారితే రంగు మారింది

కోలుకోవడం ఒక్క మనసుకు సంబంధించినదే కాదనడానికి ధమడ్కా గ్రామం ఉదాహరణ. సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖత్రీలు అక్కడ కొన్ని వందల ఏళ్లుగా 'అజ్రఖ్' అద్దకం చేస్తున్నారు. చెక్క అచ్చులతో, నీలిమందు, మంజిష్ఠ, పటిక, కరక్కాయ వంటి వాటితో బట్టకు రెండు వైపులా అద్దే పని ఇది. మన పెడన, మచిలీపట్నం కలంకారీ పనివారికి ఈ దినుసులు పరిచయమైనవే. భూకంపం ఊరిని కూల్చడంతో పాటు భూగర్భజలాన్ని కూడా మార్చింది. నీటిలో ఇనుము పాలు పెరిగింది. ఇనుము తగిలితే మంజిష్ఠ ఎరుపు నల్లబడుతుంది. అంటే ఇల్లు మళ్లీ కట్టుకున్నా వృత్తి నిలబడదు.

అద్దకందారులు చాలామంది కలిసి ఆలోచించి, భుజ్‌కు తూర్పున నీరు తమ పనికి సరిపడే చోట భూమి కొని కొత్త ఊరు కట్టుకున్నారు. దానికి తమ వృత్తి పేరే పెట్టుకున్నారు: అజ్రఖ్‌పూర్. ఆ కృషిలో ముందు నిలిచిన ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీకి 2003లో ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2016లో శ్రుజన్ వారి కుట్టుకళల ప్రదర్శనశాల కూడా ఆ ఊరిలోనే వెలసింది. పునరావాసమంటే అందరినీ ఒకే తీరు ఇళ్లలోకి చేర్చడం కాదని, ఏ మనిషి ఏ పనితో నిలబడతాడో కనుక్కుని దానికి తగిన నీరూ నేలా చూడడమని ఈ ఊరు చూపుతుంది.

వైద్యశాస్త్రం ఏమంటున్నది?

చేతిపనిని చికిత్సలో భాగం చేయడం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన బ్రిటిష్ సైనికుల కోసం 1918లో లండన్‌లో ఒక కుట్టుపని సంస్థ వెలసింది. కాలు, చేయి కోల్పోయిన పురుషులు అందులో పూలు కుట్టి సంపాదించుకున్నారు. వృత్తి చికిత్స అనే వైద్యశాఖ బలపడినదీ ఆ కాలంలోనే. 2013లో బ్రిటన్‌కు చెందిన ఒక వృత్తి చికిత్స పత్రికలో 3,545 మంది ఊలు అల్లేవారిపై సర్వే వెలువడింది. తరచుగా అల్లేవారిలో ఎక్కువమంది తమ మనసు నెమ్మదిగా ఉంటుందని చెప్పారు. అయితే వారు తమంతట తాము ముందుకు వచ్చి జవాబిచ్చినవారు, అల్లిక అంటే ఇష్టం ఉన్నవారు. అందువల్ల ఇది ఔషధ పరీక్షతో సమానమైన రుజువు కాదు. కుట్టుపని తీవ్రమైన కుంగుబాటును నయం చేస్తుందని నేను చెప్పను. ఎవరైనా చెప్పినా నమ్మవద్దు.

ఆపదల తరువాతి మానసిక ఆరోగ్యంపై ఐక్యరాజ్యసమితి సంస్థలూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2007లో మార్గదర్శకాలు వెలువరించాయి. వాటిలో సేవలను నాలుగంతస్తుల గోపురంగా చూపారు. అడుగున తిండి, నీరు, భద్రత. దానిపై కుటుంబమూ, సంఘమూ ఇచ్చే ఆసరా. మూడవది శిక్షణ పొందిన కార్యకర్తల సాయం. శిఖరాన, కొద్దిమందికి మాత్రమే, మానసిక వైద్యుల చికిత్స. కచ్ స్త్రీల కుట్టుపని రెండవ అంతస్తుకు చెందినది. కూలి ద్వారా అది మొదటి అంతస్తును కూడా తాకుతుంది.

2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరొక సలహా ఇచ్చింది. ఘోర ఆపద జరిగిన మొదటి నెలలో కలిగే మానసిక ఒత్తిడి లక్షణాలకు గానీ నిద్రలేమికి గానీ బెంజోడయజిపైన్ జాతి మాత్రలు ఇవ్వవద్దన్నది దాని సారం. ఆ వాక్యం చదివినప్పుడు దివిసీమ బడి వరండా నా కళ్లముందు నిలిచింది. మేము పంచినవి ఆ జాతి మాత్రలే. ఆనాటి వైద్యం అదే కాబట్టి మమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేదు. కాని ఆ పెద్దావిడ మాకంటె ముప్పై ఆరేళ్లు ముందే సరైన మాట చెప్పింది.

కూలి, కళ్లు, గౌరవం

ఈ చరిత్రను తీపి కథగా ముగించడం న్యాయం కాదు. ఆపద తరువాత ఆర్డర్లు వెల్లువెత్తుతాయి. దయతో కొనేవారు ఒకటి రెండేళ్లు కొంటారు, ఆ తరువాత మరచిపోతారు. నగరంలో గీసిన నమూనా వస్తుంది, పల్లెలో స్త్రీ దాన్ని నింపి కుట్టి ముక్కకింత అని కూలి పుచ్చుకుంటుంది. అప్పుడు ఆమె కళాకారిణి కాదు, కూలిమనిషి. నైపుణ్యం వల్ల వచ్చిన గౌరవం తరిగినకొద్దీ, ఆ పనిలోని స్వస్థత కూడా తరుగుతుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించిన కళారక్ష 2005లో చేతివృత్తులవారి కోసమే ఒక డిజైన్ విద్యాలయాన్ని ఆరంభించింది. నమూనా గీసే అధికారం కుట్టే చేతికే దక్కాలన్నది దాని ఉద్దేశం. భూకంపం తరువాత పన్ను రాయితీలతో కచ్‌కు పరిశ్రమలు తరలివచ్చాయి. నెలజీతం చూసి యువకులు కొందరు మగ్గం విడిచి ఫ్యాక్టరీ దారి పట్టారు. అదే 2005లో చేనేతకూ ఇతర చేతిపనులకూ అండగా ఏర్పడిన 'ఖమీర్' సంస్థ, వానాధారంగా పండే 'కాలా' పత్తితో నేతను మళ్లీ నిలబెట్టడానికి పూనుకున్నది.

ఇంకొక సంగతి పాఠకులకు విచిత్రంగా తోచవచ్చు. కుట్టుపని ఎంత అందమైనదైనా ఒక్కొక్కప్పుడు మెడకు గుదిబండ అవుతుంది. పెళ్లికి కావలసినంత కుట్టడానికి ఏళ్లు పట్టడం వల్ల కాపురాలు ఆలస్యమవుతున్నాయని, 1995లో ధేబారియా రబారీల పెద్దలు తమ స్త్రీలు సొంతానికి కుట్టుకోవడాన్నే నిషేధించారు. పని మంచిదే, కాని ఎవరి కోసం, ఎంత, ఏ షరతుపై అనేది దానిని వరంగానో భారంగానో మారుస్తుంది.

శరీరం గురించి కూడా ఒక మాట. నలభై ఏళ్లు దాటితే దగ్గరి చూపు మందగిస్తుంది. పోగులు లెక్కపెట్టే మనిషికి ఇది జీవనోపాధి సమస్య. 2018లో అస్సాం తేయాకు కోసేవారిపై జరిగిన ఒక పరీక్షలో, దగ్గరిచూపు కళ్లద్దాలు ఇచ్చిన వర్గంలో పని దిగుబడి ఇవ్వనివారికంటె దాదాపు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా ఉంటే సూదిపనికి ఎంత ఉంటుందో ఊహించండి. సహాయ శిబిరంలో కుట్టుసంచీతో పాటు ఒక జత కళ్లద్దాలు ఇవ్వడం వైద్యుని ధర్మం.

కచ్ తరువాత మరి రెండు ఊళ్లు

ఇదే పాఠం ఇతర చోట్ల కూడా కనిపిస్తుంది. 2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరాన్ని సునామీ ముంచినప్పుడు ఓట్సుచి అనే చిన్న పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. శిబిరాల్లో శిథిలాలు ఎత్తే పని బలమున్నవారికి దొరికింది. వృద్ధ స్త్రీలు ఖాళీ చేతులతో మిగిలారు. ఆ జూన్‌లో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు వారి చేతికి గుడ్డ, సూది, దారం అందించి 'సషికో' అనే సంప్రదాయ కుట్టుపనిని మొదలుపెట్టించారు. చలిసీమ రైతు కుటుంబాలు పాత బట్టను పొరలుగా వేసి దృఢపరచుకోవడానికి వాడిన కుట్టు అది. చిరిగినదానికి బలమివ్వడానికి పుట్టిన విద్య ఆ సమయానికి అక్కరకు వచ్చింది.

కేరళలో, 2018 ఆగస్టు వరదల్లో ఎర్నాకుళం జిల్లా చేందమంగళం నేతకారుల మగ్గాలూ, ఓణం పండుగ కోసం సిద్ధం చేసిన చీరలూ బురదపాలయ్యాయి. ఎంత ఉతికినా మరక పోని ఆ చీరలను తగలబెట్టవలసిన పరిస్థితి. లక్ష్మీ మేనన్, గోపీనాథ్ పారయిల్ అనే ఇద్దరు వాటిని తీసుకుని, క్లోరిన్‌తో శుద్ధి చేయించి, మరిగించి, చిన్న బొమ్మలుగా చుట్టించారు. వాటి పేరు 'చేక్కుట్టి'. మలయాళంలో చేరు అంటే బురద, కుట్టి అంటే బిడ్డ. ఒక చీర నుంచి సుమారు 360 బొమ్మలు వస్తాయి. ఒక్కొక్కటి 25 రూపాయలకు అమ్మితే 9,000 రూపాయలు. చీరగా అమ్మితే వచ్చేదానికి అది ఎన్నో రెట్లు. బడిపిల్లలు, ఉద్యోగులు, విదేశాల్లోని మలయాళీలు ఆ బొమ్మలను చుట్టారు. వాటిపై మరకలు అలాగే ఉంచారు.

మనం చేయదగినవి

మన తెలుగు తీరానికి తుపానులు ఏటా వచ్చేవే. మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు సహాయ శిబిరాలకు వెళ్లేవారే. నా అనుభవం మీద, ఈ చరిత్ర మీద ఆధారపడి కొన్ని సూచనలు:

1. మొదట తిండి, తాగునీరు, మరుగుదొడ్డి, భద్రత. ఇవి లేనిచోట సూదీదారం ఇవ్వడం పరిహాసం.

2. ఏ పని కావాలో వారినే అడగండి. నేత, లేసు, బొంత, బుట్ట, వల అల్లిక, ఏదైనా సరే, వారికి ముందే వచ్చినదై ఉండాలి.

3. చేసిన పనికి న్యాయమైన కూలి వెంటనే ఇవ్వండి. "కాలక్షేపానికి" అని చెప్పి ఉచితంగా చేయించుకోవద్దు.

4. పదిమంది కలిసి కూర్చునే చోటు చూపండి. జరిగినది చెప్పమని ఒత్తిడి చేయవద్దు. చెబితే ఓపికగా వినండి.

5. నలభై దాటినవారికి దగ్గరిచూపు పరీక్ష చేయించండి. గంటకొకసారి లేచి నడవమని, మెడా భుజాలూ కదిలించమని చెప్పండి.

6. నిద్ర లేకపోవడం, ఉలికిపాటు, ఏడుపు మొదటి వారాల్లో సహజం. నెల దాటినా తగ్గకపోతే, తిండి మానేస్తే, బతకడం వృథా అనే మాట వస్తే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దివిసీమ శిబిరంలోని ఆ పెద్దావిడ పేరు నేను అడగలేదు. మా రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 'మాత్ర నిరాకరించింది' అని మాత్రం రాశాను. అప్పట్లో నా వయసు ఇరవై మూడు. ఆమెకు వల అల్లడం వచ్చేదో, బొంత కుట్టడం వచ్చేదో, చాప నేయడం వచ్చేదో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న సరిపోయేది. మీలో ఎవరైనా రేపు అటువంటి శిబిరానికి వెళ్లవలసి వస్తే, మందుల పెట్టె తెరిచే ముందు ఆ ప్రశ్న అడగండి: "అమ్మా, మీకు ఏం పని వచ్చు?"